వేడితో పందెం

యథార్థ గాథ

సర్క్యూట్ బోర్డుల మీద నూనె పేరుకుంటోంది.

ముందు పలచటి జిడ్డులా కనిపిస్తోంది. తర్వాత పొర మీద పొర చేరుతోంది. చివరికి బోర్డు షార్టయి యంత్రం ఆగిపోతోంది.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం. చిప్పెవా ఫాల్స్ అనే చిన్న ఊరు. 1970ల నడిమి కాలం. ప్రపంచం అంతవరకూ ఎరగని వేగంతో లెక్కలు చేసే కంప్యూటర్‌ను అక్కడ ఒక చిన్న కంపెనీ తయారుచేసింది. దాని గణితంలో తప్పు లేదు. చిప్పుల్లో లోపం లేదు. చేత్తో అల్లిన వేలాది తీగలు ఎక్కడికక్కడ సరిగ్గానే కూర్చున్నాయి. యంత్రాన్ని ఆపేస్తున్నవి దాన్ని చల్లబరచడానికి పెట్టిన గొట్టాలు.

ఆ గొట్టాల్లో ఫ్రియాన్ అనే శీతలీకరణ ద్రవం తిరుగుతుంది. కంప్రెసర్ అరిగిపోకుండా ఫ్రియాన్‌లో కాస్త నూనె కలుపుతారు. ఆ నూనె అతుకుల్లోంచి ఊరుతూ బయటికి వస్తోంది. బోర్డు తరవాత బోర్డును పాడుచేస్తోంది. కంపెనీకి అమ్ముకోవడానికి మరో సరుకు లేదు. ఉన్న ఒక్క యంత్రమూ గడువు దాటిపోతోంది. ఒకటి కాదు, రెండు కాదు, ఆరు నెలల ఆలస్యం.

యంత్రం పేరు క్రే-1. దాన్ని ఊహించిన మనిషి సేమూర్ క్రే. సూపర్ కంప్యూటర్ల చరిత్ర ఎవరు రాసినా మొదటి పేజీలో ఉండే పేరు అది. ఈ కథలో ఆయన పక్కన నిలబెట్టి చెప్పుకోవాల్సిన పేరు ఇంకొకటి ఉంది. అది డీన్ రౌష్. ఆయన గణిత శాస్త్రవేత్త కాదు, చిప్పుల నిపుణుడూ కాదు. రిఫ్రిజిరేషన్ ఇంజనీరు.

పెన్సిలూ కాగితమూ పట్టిన మనిషి

సేమూర్ క్రే 1925 సెప్టెంబరు 28న చిప్పెవా ఫాల్స్‌లోనే పుట్టారు. తండ్రి సివిల్ ఇంజనీరు. కుర్రవాడికి చిన్నప్పటి నుంచీ తీగలూ రేడియోలే లోకం. రెండో ప్రపంచయుద్ధంలో రేడియో ఆపరేటర్‌గా పనిచేసి వచ్చి, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1950లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, మరుసటేడు అనువర్తిత గణితంలో పట్టాలు తీసుకున్నారు. 1957లో పుట్టిన కంట్రోల్ డేటా కార్పొరేషన్‌లో తొలి ఏళ్ల నుంచే ఆయన ఉన్నారు.

క్రే మితభాషి. మీటింగులంటే గిట్టదు. గళ్ల కాగితాల పుస్తకం, పెన్సిలు ఉంటే చాలు. యంత్రం మొత్తాన్ని తర్క సమీకరణాలుగా ఆ కాగితాల మీదే రాసుకుంటూ పోయేవారు. నగరంలో ఉంటే పని సాగదని, సొంతూరిలోనే ప్రయోగశాల కట్టించమని యాజమాన్యాన్ని అడిగారు. వాళ్లు కాదనలేకపోయారు.

అక్కడ పూర్తయిన యంత్రం సీడీసీ 6600. 1964లో బయటికొచ్చింది. సుమారు 4 లక్షల ట్రాన్సిస్టర్లు ఉన్న ఈ యంత్రం, అప్పటికి అన్నిటికన్నా వేగంగా పరిగెత్తుతున్న ఐబీఎం యంత్రాన్ని మూడింతలు మించిపోయింది. దాని సంగతి ప్రకటించగానే, 1963 ఆగస్టులో, ఐబీఎం అధిపతి థామస్ వాట్సన్ జూనియర్ తన అధికారులకు మండిపడుతూ ఒక లేఖ రాశారు. ఊడ్చే మనిషితో కలిపి 34 మంది చేసిన పనిని మనంతటి సంస్థ ఎందుకు చేయలేకపోయిందని అందులో నిలదీశారు.

ఆ లేఖ ప్రసిద్ధికెక్కింది. ఆ యంత్రం లోపల గొట్టాల్లో ఫ్రియాన్ ప్రవహిస్తోందన్న సంగతి మాత్రం అంతగా ఎక్కలేదు. 4 లక్షల ట్రాన్సిస్టర్లను అంత దగ్గరగా కుక్కితే పుట్టే వేడిని ఫ్యాన్లు తోడిపోయలేవు. అందుకే ఫ్రిజ్‌లో వాడే విద్యనే కంప్యూటర్‌లోకి తీసుకొచ్చారు. క్రే యంత్రాల చల్లదనం బాధ్యత డీన్ రౌష్ చేతికి వచ్చింది ఆ రోజుల్లోనే.

ఒక్క అడుగు దూరం

వేగానికీ వేడికీ మధ్య ఇంత పీటముడి ఎందుకు పడింది? దీని మూలం ప్రకృతి నియమంలోనే ఉంది.

సెకనులో వంద కోట్లవ వంతును నానోసెకను అంటారు. అంత తక్కువ కాలంలో కాంతి వెళ్లగలిగేది సుమారు ఒక్క అడుగు దూరం. రాగి తీగలో విద్యుత్ సంకేతం అంతకన్నా నెమ్మది. క్రే-1 గడియారం టిక్కుకూ టిక్కుకూ మధ్య వ్యవధి 12.5 నానోసెకన్లు. ఆ లోపు సంకేతం ఒక చిప్పు నుంచి బయల్దేరాలి, దారిలో నాలుగైదు చిప్పులు దాటాలి, గమ్యం చేరాలి. తీగ పొడుగైతే సంకేతం ఆలస్యమవుతుంది, లెక్క తప్పుతుంది.

అందుకే క్రే తన యంత్రంలో ఏ తీగా నాలుగడుగులు మించకూడదని నియమం పెట్టుకున్నారు. యంత్రాన్ని ఇంగ్లిషు సి అక్షరం ఆకారంలో వంచి నిలబెట్టింది అందుకే. లోపలి వంపులో తీగలు ఒకదానికొకటి దగ్గరవుతాయి, దూరం తగ్గుతుంది. చూసినవాళ్లు అందం కోసం అనుకున్నారు. ఆ వంపు పుట్టింది నానోసెకన్ల లెక్కలోంచి.

దూరం తగ్గించాలంటే చిప్పులను దగ్గరగా పేర్చాలి. పేర్చిన ప్రతి చిప్పూ వేడి పుట్టిస్తుంది. చిప్పు లోపలికి వెళ్లిన కరెంటంతా, లెక్క తప్పయినా ఒప్పయినా, చివరికి వేడిగానే బయటికి వస్తుంది. పైగా క్రే ఎంచుకున్న చిప్పులు ఈసీఎల్ రకానివి. ఆనాటికి అన్నిటికన్నా వేగమైనవి అవే. వాటిలో కరెంటు ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. పని ఉన్నా లేకున్నా అవి కాలుతూనే ఉంటాయి.

వేడి పెరిగితే చిప్పు ఆయుష్షు తగ్గుతుంది. యంత్రంలో ఒక మూల వేడిగా, ఇంకో మూల చల్లగా ఉంటే సంకేతాల వేళలు మారి లెక్కలు తడబడతాయి. కాబట్టి వేడిని తీసేయడమొక్కటే సరిపోదు. అన్ని మూలల నుంచీ ఒకే తీరుగా తీసేయాలి.

క్రే ఈ పాఠాన్ని ఓటమిలో నేర్చుకున్నారు. సీడీసీ 7600 తర్వాత, ఇంకా వేగమైన 8600 మొదలుపెట్టారు. నాలుగు ప్రాసెసర్లు, మునుపెన్నడూ లేనంత ఇరుకైన పేర్పు. విడివిడి ట్రాన్సిస్టర్లతోనే ఆ సాంద్రతను సాధించాలని చూశారు. వేడి తగ్గలేదు, యంత్రం నిలకడగా నడవలేదు. మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టడానికి కంపెనీ డబ్బులివ్వలేకపోయింది. 1972లో క్రే రాజీనామా చేసి, చిప్పెవా ఫాల్స్‌లోనే క్రే రీసెర్చ్ స్థాపించారు. ఆయనతో కలిసి నడిచిన వారిలో రౌష్ ఉన్నారు.

యాభై ఏళ్ల కింద జరిగిన ఆ ఎంపిక గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. కొత్త కంపెనీ పెడుతున్న మనిషి ముందు ఎవరిని వెతుక్కుంటాడు? పెట్టుబడిదారును, చిప్పుల నిపుణుణ్ని, అమ్మకాల మనిషిని. చల్లబరిచే మనిషిని తొలి బృందంలోనే కూర్చోబెట్టుకున్న ఆ నిర్ణయంలోనే క్రే ఎంత దూరం చూశారో తెలుస్తుంది.

రాగి రేకు, చల్లటి కమ్మీ

క్రే-1 నిర్మాణాన్ని లోపలి నుంచి బయటికి చూద్దాం.

మొత్తం యంత్రంలో వాడింది నాలుగే రకాల చిప్పులు. వాటిని బిగించిన బోర్డులు రెండేసి చొప్పున వీపులు కలిపి పెట్టి, నడుమ దళసరి రాగి రేకు ఉంచారు. ఈ జంటే ఒక మాడ్యూల్. ఇలాంటివి 1,600కు పైనే. చిప్పులో పుట్టిన వేడి బోర్డు గుండా రాగి రేకులోకి దిగుతుంది. రేకు దాన్ని రెండు అంచులకు చేరుస్తుంది. అంచులు బిగిసి కూర్చునేది నిలువుగా నిలబెట్టిన అల్యూమినియం కమ్మీల్లో. ఆ కమ్మీల లోపల స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలు. గొట్టాల్లో ఫ్రియాన్.

ఎండాకాలంలో మనింట్లో మట్టికుండ ఏం చేస్తుందో ఇక్కడ ఫ్రియాన్ అదే చేస్తుంది. కుండ గోడల్లోంచి ఊరిన తడి ఆవిరవుతూ నీటిలోని వేడిని తనతో పట్టుకుపోతుంది. గొట్టంలో ద్రవంగా వచ్చిన ఫ్రియాన్ కూడా కమ్మీ వేడిని తీసుకుని ఆవిరవుతుంది. తేడా ఏమిటంటే, కుండ విడిచిన ఆవిరి గాలిలో కలిసిపోతుంది. ఈ ఆవిరిని మాత్రం కంప్రెసర్ పట్టి, నొక్కి, దానిలోని వేడిని నీటికి ఇప్పించి, మళ్లీ ద్రవంగా మార్చి వెనక్కి పంపుతుంది.

చెప్పడానికి ఇంత సులువు. చేయడానికి మాత్రం రౌష్ బృందానికి ప్రాణం మీదికి వచ్చింది. ఫ్రిజ్‌లో గొట్టం కాస్త కారితే గ్యాసు తగ్గుతుంది, మెకానిక్ వచ్చి నింపుతాడు. ఇక్కడ కారితే నూనె నేరుగా సర్క్యూట్ల మీద పడుతుంది. లోహాలు వేరు వేరు, వేడికి అవి సాగే తీరూ వేరు వేరు. పైగా గొట్టాల్లో ఒత్తిడి. అతుకు ఎక్కడ వెంట్రుకవాసి వదులైనా నూనె దారి వెతుక్కుంటుంది.

ఆ ఆరు నెలల్లో ఏ రోజు ఎవరు ఏమన్నారో ఊహించి రాయడం నాకు ఇష్టం లేదు. జరిగింది మాత్రం ఇది. ప్రపంచంలోకెల్లా వేగమైన ప్రాసెసర్ సిద్ధంగా ఉంది, అది అతుకుల కోసం ఎదురుచూసింది. గొట్టాలను మూసివేయడానికి కొత్త వెల్డింగ్ పద్ధతులు కనిపెట్టాల్సి వచ్చింది. అవి కుదిరాకే నూనె ఆగింది. అప్పుడే యంత్రం గేటు దాటింది.

1976లో మొదటి క్రే-1 న్యూమెక్సికోలోని లాస్ ఆలమోస్ జాతీయ ప్రయోగశాలకు ఆరు నెలల పరీక్ష కోసం వెళ్లింది. ఆరున్నర అడుగుల ఎత్తు. ఐదు టన్నులకు మించిన బరువు. సెకనుకు 8 కోట్ల టిక్కుల గడియారం. తినే కరెంటు 115 కిలోవాట్లు. చుట్టూ మెత్తటి కుర్చీ బల్ల, దాని కింద పవర్ సప్లైలు. మరుసటేడు కొలరాడోలోని జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రం ఒక యంత్రాన్ని 88 లక్షల డాలర్లకు పైగా పెట్టి కొన్నది. 1989 దాకా దాన్ని నడిపింది. మహా అయితే డజను అమ్ముడవుతాయనుకున్న నమూనా, అన్ని రూపాల్లో కలిపి 80కి పైగా అమ్ముడైంది.

1978లో ఈ యంత్రం మీద రెండు పేటెంట్లు వచ్చాయి. ఒకటి వెక్టర్ రిజిస్టర్లతో లెక్కలు చేసే పద్ధతికి, సేమూర్ క్రే పేరిట. ఇంకొకటి ఎలక్ట్రానిక్ పరికరాలను చల్లబరిచే వ్యవస్థకు, డీన్ రౌష్ పేరిట. యంత్రం ఎవరిదని అడిగితే అమెరికా పేటెంటు కార్యాలయం రికార్డుల్లో ఉన్న జవాబు ఇది. మొదటి పేరు పాఠ్యపుస్తకాలకెక్కింది. రెండో పేరు విన్నవాళ్లు తక్కువ.

ద్రవంలో మునిగిన మెదడు

క్రే తృప్తి పడే మనిషి కాదు. క్రే-1 అమ్ముడవుతుండగానే దానికన్నా ఎన్నో రెట్లు వేగమైన క్రే-2 మీద కూర్చున్నారు. గడియారాన్ని 12.5 నానోసెకన్ల నుంచి 4.1కి దించాలి. అంటే తీగలు ఇంకా పొట్టివి కావాలి. ఎనిమిది బోర్డులను ఒకదాని మీద ఒకటి పేర్చి, మొత్తం దిమ్మె మందం ఒక్క అంగుళం ఉండేలా చేశారు. ఒక్కో దిమ్మెలో వందల చిప్పులు.

ఇప్పుడు రాగి రేకు పెట్టడానికి చోటు లేదు. మధ్య బోర్డు మీద పుట్టిన వేడికి బయటికి దారి లేదు. గాలి ఊదుదామంటే, ఒకే పరిమాణంలో నీరు మోయగలిగే వేడిలో మూడు వేలవ వంతైనా గాలి మోయలేదు. నీరు పోద్దామంటే యంత్రం షార్టవుతుంది. 8600ను బలి తీసుకున్న గోడ మళ్లీ ఎదురొచ్చింది.

క్రే తీసుకున్న నిర్ణయం వినడానికే వింతగా ఉంటుంది. వేడిని చిప్పు దగ్గరి నుంచి ద్రవం దాకా మోయడం మానేసి, చిప్పులనే తీసుకెళ్లి ద్రవంలో ముంచేయాలనుకున్నారు.

అలాంటి ద్రవం ఒకటి అప్పటికే ఉంది. 3ఎం కంపెనీ తయారుచేసిన ఫ్లోరినర్ట్. రంగు లేదు, వాసన లేదు. నీటికన్నా బరువు. కరెంటును తనలోంచి పోనివ్వదు, దేనితోనూ రసాయనికంగా కలవదు. ఆ కుటుంబానికి చెందిన ద్రవాలకు ఆక్సిజన్‌ను పెద్దమొత్తంలో కరిగించుకునే గుణం ఉంది. 1966లో లేలండ్ క్లార్క్ అనే శాస్త్రవేత్త ఆక్సిజన్ నింపిన ఫ్లోరోకార్బన్ ద్రవంలో ఎలుకలను ముంచితే అవి ఊపిరి తీసుకుంటూ బతికాయి. కృత్రిమ రక్తం కోసం పరిశోధించిన పదార్థాల వంశమే ఇప్పుడు కంప్యూటర్ ఒంట్లో పారడానికి సిద్ధమైంది.

1985లో క్రే-2 బయటికొచ్చింది. మొదటి యంత్రం కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలకు చేరింది. అదే ఏడాది నాసా ఏమ్స్ కేంద్రానికి మరొకటి. దాని ఎత్తు 45 అంగుళాలే, మనిషి నడుము దాటి కొంచెం పైకి. ఆ చిన్న గుండ్రటి దిమ్మ దాదాపు 195 కిలోవాట్ల కరెంటును వేడిగా మార్చేది. నాలుగు ప్రాసెసర్లు కలిసి సెకనుకు 190 కోట్ల లెక్కలు చేయగలవు. పారదర్శకమైన గోడల వెనక ద్రవం సర్క్యూట్ల మధ్య సెకనుకు అంగుళం చొప్పున కదులుతుంటే, నీటి బుడగల్లాంటి మెరుపులు కనిపించేవి. ఇంజనీర్లు దానికి ముద్దుగా ‘బబుల్స్’ అని పేరు పెట్టుకున్నారు. పక్కన నిలబెట్టిన అద్దాల తొట్టెల్లో ద్రవం జలపాతంలా దూకేది. మరమ్మతు చేయాలంటే ముందు ద్రవాన్నంతా ఆ తొట్టెల్లోకి వంపేయాలి. తర్వాతే యంత్రం తెరవాలి.

చూడవచ్చినవాళ్ల కళ్లు ముందు పడేది ఆ జలపాతం మీదే. ప్రాసెసర్ పని కంటికి కనిపించేది కాదు. చల్లదనం పని మాత్రం అందరి కళ్లముందూ జరిగింది. అంతవరకూ కుర్చీ బల్ల కింద, అల్యూమినియం కమ్మీల లోపల దాక్కున్న విద్య మొదటిసారి వెలుగులోకి వచ్చి నిలబడింది.

ఢిల్లీకి వచ్చిన ఫ్రియాన్ యంత్రం

ఆ సంవత్సరాల్లోనే ఈ కథ మన దేశాన్నీ తాకింది. రుతుపవనాలను ముందుగా అంచనా వేయడానికి భారత ప్రభుత్వం అమెరికాను సూపర్ కంప్యూటర్ అడిగింది. అడిగింది క్రే ఎక్స్-ఎంపీ 24 నమూనాను. అణ్వాయుధ పరిశోధనకు మళ్లిస్తారేమోనన్న అనుమానంతో వాళ్లు దాన్ని ఇవ్వలేదు. చాలా బేరసారాల తర్వాత ఒక్క ప్రాసెసర్ ఉన్న ఎక్స్-ఎంపీ 14ను ఇచ్చారు. 1989 నాటికి అది ఢిల్లీలో వాతావరణ అంచనాల కోసం నడవడం మొదలైంది. క్రే-1 వారసత్వంలో వచ్చిన ఆ యంత్రంలోనూ ఫ్రియాన్‌తో చల్లబరిచే ఏర్పాటే. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం కోస్తాను ఎప్పుడు తాకుతుందోనని రేడియోకు చెవి ఒగ్గి కూర్చునే మన జాలర్లకూ రైతులకూ అవసరమైన లెక్కలు అలాంటి యంత్రాలతోనే ముందుకు సాగాయి.

ఆ నిరాకరణ చేసిన గాయంలోంచే 1988లో పుణెలో సీ-డాక్ పుట్టింది. 1991లో మన సొంత పరమ్ 8000 వచ్చింది. పరమ్ నడిచిన దారి వేరు. ఒకే ఒక మహావేగపు ప్రాసెసర్‌ను చల్లబరచడం మీద పందెం కాయకుండా, అనేక చిన్న ప్రాసెసర్లకు పని పంచడం దాని పద్ధతి. అప్పటికి ప్రపంచం కూడా ఆ మలుపు దగ్గరే నిలబడి ఉంది.

గెలిచినా ఓడిన రోజులు

క్రే మాత్రం తన దారిలోనే ఇంకా ముందుకు వెళ్లారు. క్రే-3 కోసం సిలికాన్‌ను వదిలి గాలియం ఆర్సెనైడ్ చిప్పులు పట్టుకున్నారు. గడియారం 2 నానోసెకన్లు. నాలుగంగుళాల చదరం, పావు అంగుళం మందం ఉన్న దిమ్మెల్లో సర్క్యూట్లు కిక్కిరిసిపోయాయి. మళ్లీ అదే ఫ్లోరినర్ట్ స్నానం. పనిని కొలరాడో స్ప్రింగ్స్‌కు మార్చారు. 1989లో క్రే కంప్యూటర్ కార్పొరేషన్‌గా విడిపోయారు. తయారీ ఏళ్లతరబడి సాగింది. 1991 చివర లివర్‌మోర్ తన ఆర్డరు వెనక్కి తీసుకుంది. 1993లో ఒకే ఒక్క యంత్రం వాతావరణ పరిశోధన కేంద్రానికి వెళ్లింది, అదీ అమ్మకంగా కాదు. 1995 మార్చిలో కంపెనీ దివాలా తీసింది.

చల్లబరచలేక ఓడిపోయారా అంటే కాదు. చల్లదనం విషయంలో ఆయన గెలిచారు. లోకం మారిపోయింది. సీమాస్ అనే చిప్పులు వచ్చాయి. అవి స్థితి మారేటప్పుడే ప్రధానంగా కరెంటు తీసుకుంటాయి. మిగతా వేళల్లో దాదాపు ఊరుకుంటాయి. తక్కువ వేడి, తక్కువ ధర. వేలకొద్దీ కలిపి నడిపితే ఒక్క మహా యంత్రం చేసే పని చేస్తాయి. ఫ్రియాన్ గొట్టాలూ ఫ్లోరినర్ట్ తొట్టెలూ ఇక అక్కర్లేదనిపించింది.

క్రే ఓటమితో కూర్చోలేదు. 1996లో డెబ్బై ఏళ్లు దాటిన వయసులో కొత్త కంపెనీ పెట్టారు. సెప్టెంబరు 22న కొలరాడో స్ప్రింగ్స్ దగ్గర ఆయన కారు ప్రమాదానికి గురైంది. అక్టోబరు 5న, 71 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

వేడి మళ్లీ తిరిగొచ్చింది

సీమాస్ ఇచ్చిన ఊరట ఎంతోకాలం నిలవలేదు. ట్రాన్సిస్టర్లు చిన్నవయ్యేకొద్దీ, ఆపి ఉంచినా వాటిలోంచి కరెంటు కారడం మొదలైంది. 2004లో ఇంటెల్ తెచ్చిన ప్రెస్కాట్ పెంటియమ్-4 చిప్పుల్లో వేగమైనవి, గోటి కన్నా కాస్త పెద్ద సిలికాన్ ముక్క మీద 100 వాట్లు దాటాయి. 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్-4 తెస్తామన్న ఇంటెల్ ఆ ఏడాది అక్టోబరులో దాన్ని రద్దుచేసింది. గడియారం వేగాన్ని పెంచుకుంటూ పోయే పరుగు అక్కడ ఆగింది. ఒక చిప్పులో రెండు, నాలుగు, ఎనిమిది కోర్లు పెట్టే కాలం మొదలైంది. మన ఫోన్లలో ఇన్నేసి కోర్లు ఉండడానికి పెద్ద కారణం వేడే.

ఇప్పుడు కృత్రిమ మేధ యుగం. ఎన్‌విడియా హెచ్100 ప్రాసెసర్ ఒక్కటే 700 వాట్ల దాకా తీసుకుంటుంది. ఆ తర్వాత వచ్చిన, 72 ప్రాసెసర్లున్న ఒక్క బీరువా సుమారు 120 కిలోవాట్లు. 1976లో లాస్ ఆలమోస్‌కు వెళ్లిన క్రే-1 యంత్రం మొత్తం తిన్నది 115 కిలోవాట్లే కదా! రౌష్ ఆనాడు ఒక్క యంత్రం కోసం పడిన తపన ఈనాడు డేటా సెంటర్లో బీరువా బీరువాకూ అవసరమైంది. జవాబు కూడా పాతదే. చిప్పు మీద రాగి పలక, పలకలో ద్రవం. ప్రాసెసర్లను ద్రవంలో ముంచే తొట్టెలు కూడా తిరిగొచ్చాయి.

టెనెసీ రాష్ట్రం ఓక్‌రిడ్జ్‌లో 2022లో ఎక్సాస్కేల్ అనే వేగపు గీత దాటిన ఫ్రాంటియర్ యంత్రం క్రే పేరునే మోస్తోంది. దాన్ని చల్లబరచడానికి 350 అశ్వశక్తి పంపులు నాలుగు కలిసి నిమిషానికి 6,000 గ్యాలన్ల నీటిని తిప్పుతాయి. వాడే నీరు మంచులా చల్లగా ఉండక్కర్లేదు, సుమారు 30 డిగ్రీలున్నా సరిపోతుంది. రాగి పలకను చిప్పుకు అంత దగ్గరగా చేర్చారు గనక నీటిని చల్లార్చడానికి పెట్టే కరెంటు మిగిలింది.

చల్లదనానికీ ఖరీదు ఉంటుందన్న పాఠం కూడా ఈ ప్రయాణంలోనే తేలింది. ఫ్రియాన్ జాతి వాయువులు ఓజోన్ పొరను తినేస్తున్నాయని తెలిసి 1987 మాంట్రియల్ ఒప్పందంతో వాటికి కళ్లెం పడింది. ఫ్లోరినర్ట్ వంటి ఫ్లోరిన్ రసాయనాలు ప్రకృతిలో ఎంతకీ నశించవన్న ఆందోళన పెరిగింది. 2025 ముగిసేలోగా వాటి తయారీ మానేస్తామని 3ఎం 2022 డిసెంబరులో ప్రకటించింది. యంత్రాన్ని కాపాడిన ద్రవమే భూమికి భారం కావచ్చు. వేడిని తీసేయడంతో పని పూర్తి కాదు. అది ఎక్కడికి వెళ్లిందో, దేన్ని పాడుచేసిందో చూసుకున్నాకే పూర్తయినట్టు.

ఈ ప్రశ్న ఇక మన గుమ్మంలోకే వస్తోంది. హైదరాబాద్‌లో అమెజాన్ 2022లోనే తన డేటా సెంటర్లను తెరిచింది. విశాఖపట్నంలో గిగావాట్ స్థాయి ఏఐ కేంద్రం కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. గిగావాట్ అంటే 10 లక్షల కిలోవాట్లు. అందులో ప్రాసెసర్లలోకి వెళ్లే ప్రతి వాటూ వేడిగా మారి బయటికి రావాల్సిందే. విశాఖ గాలిలో తేమ ఎక్కువ, అలాంటి ఉక్కపోత రోజుల్లో కుండలో నీళ్లు కూడా సరిగా చల్లబడవు. నీటిని ఆవిరి చేసి వేడిని వదిలించుకునే శీతలీకరణ టవర్లకూ అదే చిక్కు. ఆ నీరు ఏ రిజర్వాయరుది, సముద్రపు నీరు వాడతారా, వేడెక్కిన నీటిని తిరిగి ఎక్కడ వదులుతారు? ఉద్యోగాలెన్ని, పెట్టుబడి ఎంత అని అడిగే చోట ఈ ప్రశ్నలూ అంతే గట్టిగా అడగాలి. ఆ ప్రాంత ప్రజలకు లెక్కతో సహా జవాబు రావాలి.

చిప్పెవా ఫాల్స్ చెప్పిన సత్యం ఇదేనని నా నమ్మకం. వేడి సంగతి చివర్లో చూద్దామనుకున్న ప్రతి యంత్రం మధ్యదారిలో ఆగింది. 8600 అలా ఆగింది, 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ అలా ఆగింది. వేడి ఎటు పోవాలన్నది మొదటి రోజే అడిగి, దానికి జవాబు చెప్పగల మనిషిని మొదటి వరసలో కూర్చోబెట్టిన యంత్రం చరిత్రలో నిలిచింది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ సీటు కోసం తల్లిదండ్రులు ఆస్తులు అమ్ముకుంటున్న కాలమిది. మెకానికల్ బ్రాంచి సీట్లు ఖాళీగా మిగులుతున్నాయి. థర్మోడైనమిక్స్, ఉష్ణ ప్రసారం చదివిన పిల్లవాడు ఏ రకంగానూ రెండో తరగతి ఇంజనీరు కాడు. రేపటి కంప్యూటర్ అతని కోసమే ఎదురుచూస్తుంది, క్రే-1 డీన్ రౌష్ కోసం ఆరు నెలలు ఎదురుచూసినట్టు.